సగం సినిమాకు రెండుముప్పావు

ఇరవై రెండేళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నాను. పదో తరగతి పేపర్లు ఎన్ని దిద్దానో గుర్తు లేదు గానీ, ఎవరికీ పావు మార్కు వేసిన పాపాన పోలేదు. అర మార్కు దగ్గరే చేయి వెనకాడేది. అలాంటి నేను ఒక ఎండాకాలం సెలవుల్లో సినిమాలకు రెండుంబావు, రెండున్నర, రెండుముప్పావు అని వేయడం మొదలుపెట్టాను. ఆ పావు ఎక్కడ తగ్గింది, ఎందుకు తగ్గింది అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అది మొదలైన తీరు చెప్పాలి. మాది సూర్యాపేట. ఎండాకాలం వచ్చిందంటే మార్కెట్‌కు వడ్లు వస్తాయి, ఊరంతా లారీలు, హమాలీలు, దుమ్ము. అందరికీ చేతినిండా పని, సార్లకు తప్ప. మా ఆవిడ పెన్‌పహాడ్ దవాఖానలో ఏఎన్ఎం. ఆమెకు ఎండాకాలం సెలవులు ఉండవు. పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి పోయేది. నేను కూలర్ ముందు కూర్చుని ఫోన్ చూసేవాణ్ణి. ఒకరోజు, ముందురోజు చూసిన సినిమా గురించి నాలుగు ముక్కలు రాసి పెట్టాను. ‘కథనంలో బిగువు లోపించింది. నాయిక పాత్ర చిత్రణ అసమగ్రం’ అని. గైడు చూసి మా పిల్లలు ఇలాంటి వాక్యాలు రాస్తే ఎర్ర పెన్నుతో గీత కొట్టేది నేనే. సాయంత్రానికి దాని కింద బొటనవేళ్లు, చప్పట్లు, దండాలు కుప్పపడ్డాయి. ఇన్నేళ్లలో నేను చెప్పిన ఒక్క పద్యానికీ అంతమంది తల ఊపలేదు.

అక్కడితో నాకు మతి చెడింది. ఇంకో రెండు సినిమాలు రాసేసరికి బస్టాండు దగ్గర చాయ్ దుకాణంలో నన్ను గుర్తుపట్టడం మొదలైంది.

“సార్, శుక్రారం వచ్చినదానికి పోవచ్చా?” అని అడిగేవాళ్లు.

నేను గ్లాసు కింద పెట్టి, కాసేపు ఆగి, “ఒక్కసారి చూడొచ్చు” అనేవాణ్ణి. ఆ ఆగడమే ముఖ్యం. రక్తపరీక్ష కాగితం చేతిలో పట్టుకుని డాక్టరు ఆగుతాడే, అలాగన్నమాట. చెప్పే మాట ఎంత చిన్నదైతే ముందు అంత ఎక్కువసేపు ఆగాలని ఆ చాయ్ దుకాణంలోనే నేర్చుకున్నాను.

నాకు పోటీ మా ఇంటి మనిషే. మా అక్కను కోదాడలో ఇచ్చాం. బావకు అక్కడ ఎరువుల దుకాణం ఉంది. వరికి ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో చెప్పగలిగినవాడు సినిమా సంగతి చెప్పలేడా అన్నది ఆయన ధైర్యం. నేను రాసేవాణ్ణి, ఆయన మాట్లాడేవాడు. దుకాణంలో యూరియా బస్తాల ముందు నిలబడి, తూకం మిషను మీద ఫోన్ నిలబెట్టి, తల దువ్వుకుని మొదలుపెట్టేవాడు. పైగా జగ్గయ్యపేటలో ఆయనకు చుట్టాలున్నారు. సరిహద్దు అవతల ఆంధ్రలో తెల్లవారుజామునే ఆట పడుతుంది గనక, మాకు ఇక్కడ మొదటి ఆట పడకముందే ఆయన దగ్గర ‘టాక్’ ఉండేది.

“ఏంటి బామ్మర్దీ, నువ్వు రాసేది ఎవడికి అర్థమవుద్ది? అసమగ్రం ఏంటయ్యా? బాలేదు అనరాదా?” అని ఫోన్ చేసేవాడు.

“నువ్వు చెప్పేది వింటుంటే గుళికల మందు వాసనొస్తుంది బావా” అనేవాణ్ణి నేను.

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఫోన్ పెట్టేశాక ఆయన వీడియోను ఎంతమంది చూశారో నేను చూసేవాణ్ణి. నా రాతకు ఎన్ని వచ్చాయో ఆయన చూసేవాడని మా అక్క చెప్పింది.

ఆ వేసవికి ఒక పెద్ద సినిమా వచ్చింది. దాని పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ మా ఇంటి అడ్రసు అడిగేవాళ్లున్నారు. సూర్యాపేటలో మొదటి రోజు టికెట్లు దొరకలేదు. కోదాడలోనూ అంతే. మిర్యాలగూడలో మధ్యాహ్నం ఆటకు మూడు దొరికాయని బావ కబురు చేశాడు. నాకు, ఆయనకు రెండు. మూడోది ఎవరికా అని అనుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది.

“నేను గూడ వస్త. హాల్ల సినిమా జూసి మూడేండ్లాయె. రేపు లీవు పెడత” అంది.

“నీకు ఆ హీరో ఇష్టమా?” అన్నాను. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. ఆ సంగతి నాకు తెలియదు.

“మస్తు ఇష్టం. గాని నాకు కత మాత్రం చెప్పకు. అడుగో గాయినె విలను, గాయినె సచ్చిపోతడు అని మొదలువెట్టకు” అంది.

మరునాడు ఇద్దరం బస్సెక్కాం. మిర్యాలగూడ దగ్గర పడుతుంటే మిల్లుల్లో ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి కొట్టింది. హాలు ముందు ఎండకు ఫ్లెక్సీలో హీరో మొహం ముడుచుకుపోయి ఉంది. బావ కోదాడ నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చి, తలకు తువ్వాలు చుట్టుకుని, మా కంటే ముందే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కెమెరా కోసం కొత్త చొక్కా వేసుకున్నాడు.

లోపల లైట్లు ఆరినా ఎవరి మొహం వాళ్లకు కనిపిస్తూనే ఉంది. ప్రతి మొహం మీదా ఫోన్ వెలుగు. తెర మీద పేర్లు పడుతుండగానే మా ముందు వరుసలో ఒకాయన ‘బ్లాక్‌బస్టర్’ అని కొట్టి పంపేశాడు. ఆయన పక్కనున్న మనిషి అదే నిమిషంలో ‘డిజాస్టర్’ అని పంపాడు. ఇద్దరూ ఒకే పాప్‌కార్న్ డబ్బాలోంచి తింటున్నారు. బావ ‘ఎంట్రీ అదిరింది’ అని టైపు చేసి సిద్ధంగా పెట్టుకుని హీరో కోసం ఎదురుచూస్తున్నాడు. నేను ‘ప్రథమార్థం’ అని మొదలుపెట్టి, పక్కన ఏ విశేషణం వేయాలా అని ఆలోచిస్తున్నాను. అదే ఆలోచనలో హీరో రానే వచ్చాడు, ఒక పాట పాడి వెళ్లాడు కూడా.

“సినిమా జూడు జర. ఫోను ఇంటికాడ గూడ ఉంటది” అంది మా ఆవిడ, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా.

ఆమె మాత్రం చూస్తోంది. నవ్వాల్సినచోట నవ్వుతోంది. ఒకచోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. విశ్రాంతిలో సమోసా కొనిస్తానంటే వద్దంది, మళ్లీ మొదలైతే మొదటి సీను పోతుందని.

మొదలైంది. హీరో చెల్లెల్ని ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరు బయటికి వచ్చి కళ్లద్దాలు తీశాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. అంతే, తెర నల్లబడింది. కరెంటు పోలేదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. తెర మీద మాత్రం ఏమీ లేదు. ఈలలు, కేకలు, కుర్చీల మీద దరువు. అరగంట గడిచింది. గంట గడిచింది. చివరికి మేనేజరు చెమటలు తుడుచుకుంటూ వచ్చి తెర ముందు నిలబడ్డాడు.

“మిషిన్ ఎండకు ఆగింది. ఇంజినీరు హైద్రాబాద్‌కెల్లి రావాలె. ఇయ్యాల అయితట్టు లేదు. టికెట్ ముక్కలు దాసుకోండ్రి. రేపు పొద్దుగాల ఆటకు రాండ్రి” అన్నాడు.

తిట్టేవాళ్లు తిట్టారు. బావ అందరికంటే గట్టిగా తిట్టాడు. మా ఆవిడ టికెట్ ముక్కను మడిచి పర్సులో పెట్టుకుంది.

“రేపు నాకు డ్యూటీ ఉన్నది” అంది, ఎవరితోనో అన్నట్టు.

బయటికి వస్తే గేటు దగ్గర మైకులు పట్టుకుని ముగ్గురు నిలబడి ఉన్నారు. లోపల ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. ఆట వదిలారనుకున్నారు. ఒక మైకు వచ్చి బావ నోటి ముందు ఆగింది.

“అన్నా, సినిమా ఎట్లుంది?”

నిజం చెబుతాడనే అనుకున్నాను. ఇంతసేపూ మేనేజరును తిట్టిన నోరు కదా. బావ తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఫస్టాఫ్ నిప్పులు చెరిగాడు. సెకండాఫ్ కొంచెం లాగ్ ఉంది, అది ఒప్పుకోవాల. కానీ క్లైమాక్స్ ఉంది చూశారూ, నాకు కళ్ళెంబడి నీళ్లొచ్చినయ్. ఫ్యామిలీతో చూడాల్సిన సినిమా” అన్నాడు. అంటూ కంటి చివర వేలితో ఒత్తుకున్నాడు కూడా.

ఆయన ఒక్కడే అయితే మా ఇంటి ఖర్మ అనుకునేవాణ్ణి. వెనక వరుస కట్టారు. ఒకాయన క్లైమాక్స్ ఫైట్ గురించి చేతులు తిప్పి మరీ చెప్పాడు. ఇంకొకాయన చివర్లో తండ్రి సెంటిమెంట్ అతికినట్టు లేదన్నాడు. మూడో ఆయన రెండో పార్టుకు ఇచ్చిన లీడ్ అద్భుతం అన్నాడు. ఆట ఆగిపోయిందన్న ఒక్క ముక్క ఒక్కరి నోటి నుంచీ రాలేదు. మైకు ముందు నిలబడే అవకాశం వచ్చినప్పుడు ‘నేను చూడలేదు’ అని చెప్పి దాన్ని చేజార్చుకునేంత అమాయకులు మా జిల్లాల్లో లేరు.

బావను పక్కకు లాగాను. “క్లైమాక్స్ ఎక్కడ చూసినవ్ బావా?”

“నేను అబద్ధం చెప్పానా? సెకండాఫ్ లాగ్ కాని సినిమా ఒక్కటి చూపియ్యి. క్లైమాక్స్‌లో ఏడుపు లేని సినిమా ఒక్కటి చూపియ్యి” అన్నాడు.

ఇప్పుడు నేను ఆయన్ను చూసి సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. కానీ నాకు వచ్చింది సిగ్గు కాదు, కడుపుమంట. ఆయన ముందు చెప్పేశాడే అని. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెమటకు ఫోన్ జారుతుంటే తుడుచుకుంటూ రాశాను. ‘ప్రథమార్థం ఆసక్తికరం. ద్వితీయార్థంలో పట్టు సడలింది. ముగింపు ఊహకు అందుతుంది. రెండుముప్పావు. మీ అభిప్రాయం కింద రాయండి.’ ముగింపు ఊహకు అందుతుందన్నది మాత్రం అక్షరాలా నిజం. ఊహించే రాశాను.

మా ఆవిడ నా భుజం మీదుగా చదివింది.

“సగం సినిమాకు మొత్తం మార్కులు ఏసినవా?”

“అందరూ అదే చేస్తున్నరు.”

“బళ్లె గూడ గిట్లనే ఏస్తవా?”

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. సూర్యాపేట వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చుంది.

తెల్లారేసరికి నా నాలుగు ముక్కలు ఊరు దాటాయి. ఏదో సినిమా పేజీ వాళ్లు వాటిని కత్తిరించి, చుట్టూ ఎర్ర గీత గీసి, ‘తేల్చేసిన తెలుగు మాస్టారు’ అని పెట్టారు. ఇక చూడండి. ఆ హీరో అభిమానులు నా తాతముత్తాతలను పలకరించారు. నా ఫొటోలో వెనక కనిపించే క్యాలెండర్ మీది దేవుణ్ణి బట్టి నేను ఏ హీరో మనిషినో పట్టేశారు. ఎదుటి హీరో అభిమానులు నన్ను నెత్తికెత్తుకుని ‘నిజం చెప్పే దమ్మున్న గురువు’ అన్నారు. నన్ను ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. చూడని సినిమా గురించి రాసిన రోజే అన్నారు.

వాటన్నిటి మధ్య ఒక పాత విద్యార్థి వచ్చాడు. ఎక్కడో ఉద్యోగం చేస్తున్నాడట. ‘సార్ నమస్కారం. సగం అంటే అర్ధం గదా, అర్థం అని రాసిన్రు. ఎనిమిదో తరగతిలో ఇదే తప్పుకు నన్ను బెంచీ ఎక్కించిన్రు’ అని రాశాడు. తిట్లన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. గబగబా దిద్దబోయాను. అప్పటికే ఎర్ర గీతలోపలి ‘ద్వితీయార్థం’ వేలమంది ఫోన్లలో తిరుగుతోంది. దాన్ని ఇక ఏ ఎర్ర పెన్నూ దిద్దలేదు.

మధ్యాహ్నం నా రాత కింద ఇంకొక మాట కనిపించింది. ఫొటో ఉండాల్సిన చోట చామంతి పువ్వు.

‘మిర్యాలగూడల ఆ ఆటకు సెకండాఫ్ ఏయలేదు. మిషిన్ ఆగింది. నేను గూడ ఆ హాల్ల ఉన్న.’

మా ఆవిడ. పెన్‌పహాడ్ దవాఖానలో భోజనం వేళ రాసినట్టుంది. తాను నా భార్యనని రాయలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. జరిగింది జరిగినట్టు రాసింది, అంతే.

ఆ హీరో అభిమానులు ఆమెను ‘మా అక్క’ అని భుజాన వేసుకుని, ఆమె మాటనే రాయిలా పట్టుకుని నన్ను కొట్టారు. ఎదుటి హీరో అభిమానులు నన్ను కాపాడటానికి ఆమె మీద పడ్డారు. ‘పువ్వు ఫొటో అంటేనే ఫేక్’ అన్నాడొకడు. ‘ఏ హీరో ఆఫీసులో పనిచేస్తున్నవ్’ అన్నాడు ఇంకొకడు. ఆమె పేజీ తిరగేసి టీకాల ఫొటోలు పట్టుకుని, ‘నర్సమ్మా, సూదులేసుకో, సినిమాలు నీకెందుకు’ అన్నాడు మరొకడు. ఆ కింద రాసినవి ఇక్కడ రాయలేను. ఇంతకూ ఆట ఆగిందా లేదా అన్నది మాత్రం ఇటు వాళ్లకూ అక్కర్లేదు, అటు వాళ్లకూ అక్కర్లేదు.

నాకు తెలుసు. ‘ఆమె చెప్పింది నిజం’ అని మూడు మాటలు రాస్తే సరిపోయేది. కూలర్ ముందు కూర్చుని అన్నీ చదువుతూనే ఉన్నాను. రాయలేదు. నిజం చెప్పే దమ్మున్న గురువును అయి అప్పటికి ఆరు గంటలు కూడా కాలేదు. ఆ పదవి వదులుకోబుద్ధి కాలేదు.

బావ ఫోన్ చేశాడు. “చెల్లెమ్మకు చెప్పి ఆ కామెంటు తీయించరాదా. నా వీడియో మూడు ఛానెళ్లలో తిరుగుతుంది. దుకాణానికి వచ్చేవాళ్ల ముందు పరువు పోయేట్టుంది.”

“నువ్వే చెప్పు బావా.”

“అమ్మో, నేనెట్లా చెబుతాను?” అన్నాడు.

పొద్దుగూకేముందు ఆమె వచ్చింది. టిఫిన్ డబ్బా కడిగి బోర్లించింది. మొహం కడుక్కుంది. చాయ్ పెట్టి నాకొక గ్లాసు ఇచ్చింది. తిడుతుందని ఎదురుచూస్తున్నాను. ఉండబట్టలేక నేనే అడిగాను.

“ఎందుకు రాసినవ్ అట్ల?”

“మీ అభిప్రాయం కింద రాయండి అన్నవు గదా. రాసిన.”

“వాళ్ళు ఎట్లెట్ల తిట్టిన్రో చూసినవా? బాధగాలేదా?”

ఆమె గ్లాసు కింద పెట్టింది. “వాళ్లెవరో నాకెరుక లేదు. సూదేస్తే పోరగాండ్లు గూడ తిడతరు, తల్లులు గూడ తిడతరు. నాకది అలవాటే. గాని నువ్వు ఎరుక గదా. నా పక్కన కూసున్నవ్ గదా. పగటాల్ల సంది సూస్తున్న, ఒక్క మాట రాస్తవేమో అని. ఊకున్నవ్.”

గట్టిగా అనలేదు. పేషెంటుకు మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పే గొంతుతోనే అంది. లేచి బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్లింది. ఆ చాయ్ నేను తాగలేకపోయాను.

అప్పుడు రాశాను. ‘ఆ మాట రాసింది నా భార్య. ఆమె చెప్పింది నిజం. ఆ ఆటకు ద్వితీయార్ధం వేయలేదు. చూడకుండానే నేను రాశాను. తప్పు నాది.’ కొంపలు అంటుకుంటాయనుకున్నాను.

ఏమీ అంటుకోలేదు. నా అబద్ధానికి ఎర్ర గీత గీసిన పేజీ వాళ్లు దీన్ని కన్నెత్తి చూడలేదు. ‘మాస్టారి అకౌంటు ఎవరో హ్యాక్ చేశారు’ అని నా అభిమానులు తేల్చారు. ‘బెదిరించి రాయించారు’ అన్నారు ఇంకొందరు. ‘మొగుడు పెళ్లాలు కలిసి ఆడే నాటకం’ అన్నాడొకడు. ‘ఇందులో తప్పుల్లేవు సార్’ అని పాత విద్యార్థి మాత్రం రాశాడు. అక్షరాల సంగతే చెప్పాడో, ఇంకేమైనా చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు ఉదయానికి ఇంకో సినిమా ట్రైలర్ వచ్చింది. అందరూ దాని మీదికి వెళ్లిపోయారు.

బావకు మాత్రం మంచే జరిగింది. ఆయన కన్నీళ్లు ఒత్తుకునే ముక్కను కత్తిరించి, పెళ్లి అప్పగింతలకూ, కరెంటు కోతలకూ, ఎండకూ వానకూ అన్నిటికీ పాటతో కలిపి వాడుకున్నారు. పరువు పోతుందని భయపడ్డ మనిషి దుకాణానికి ఇప్పుడు హుజూర్‌నగర్ నుంచి కూడా వచ్చి సెల్ఫీలు దిగుతున్నారు. వచ్చినవాళ్లు ఊరికే పోలేక రెండు బస్తాలు ఎత్తుకుపోతున్నారట. కోదాడలో ఏ సినిమా విడుదలైనా మైకులు ముందు ఆయన్నే వెతుకుతాయి. సగం చూసి మొత్తం చెప్పినందుకు ఆయన్ను నిలదీసినవాళ్లు ఈనాటిదాకా ఒక్కరు లేరు. నేను రాయడం మానేశాను. చాయ్ దుకాణంలో ఒకరిద్దరు అడిగారు, “తెల్వది” అన్నాను. తర్వాత వాళ్లూ అడగడం మానేశారు.

ఆదివారం మా ఆవిడ సూర్యాపేటలోనే పొద్దుటాటకు వెళ్లింది. పెన్‌పహాడ్ నుంచి ఇద్దరు ఆశా కార్యకర్తలు వచ్చారు తోడుగా.

“నేను కూడా రానా?” అన్నాను.

“నువ్వద్దు” అంది, చెప్పులేసుకుంటూ. కోపంగా కాదు. మామూలుగానే అంది.

మధ్యాహ్నం వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహం మాత్రం కళకళలాడుతోంది. ఎట్లుంది అంటే మంచిగుంది అంది. సెకండాఫ్ ఎట్లుంది అంటే, పోయి సూస్కో అంది.

సాయంత్రం ఆ ఇద్దరిలో ఒకామె ఫోన్ చేసింది. మా ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని అరగంట మాట్లాడింది. నేను ముందు గదిలో పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. హీరో చెల్లెలికి సెలైన్ పెట్టిన తీరు చూస్తే నవ్వొచ్చిందనీ, అట్ల పెడితే చెయ్యి వాచిపోతదనీ చెప్పింది. ఆ పిల్ల బతుకుతదని అనుకోలేదనీ, డాక్టరు అద్దాలు తీయంగనే ఆశ వదులుకున్నాననీ అంది. హీరో ఏడవకుండా ఆమె మంచం పక్కన కూర్చుని జామపండు కోసి పెట్టాడట. దాని దగ్గర తానే ఏడ్చానని అంది. అవతలామె ఏదో అంటే మళ్లీ పకపకా నవ్వింది.

“ఆ ముసలామె సంగతి సూసినవా? అదయితే నేను అస్సలు అనుకోలె…” అని మొదలుపెట్టి, ఇటు తిరిగి నన్ను చూసింది. నా చేతిలో పేపరు తలకిందులుగా ఉన్నట్టుంది. లేచి పెరట్లోకి వెళ్లి, తలుపు దగ్గరికి వేసుకుని, మిగతాది అక్కడ చెప్పుకుంది.